గడియారం ఊరందరిది, వాచీ మీది

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ‘అందరికీ’ అనే ఒక్క మాట చుట్టూనే తిరిగాయి. అందరికీ ఒకే పాస్‌వర్డ్, అందరికీ ఒకే ఫాంట్, అందరికీ అన్ని హక్కులు. నల్లగొండలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌ను ఇరవై రెండేండ్లు చూసుకున్నాను. ఇప్పుడు మిల్లులు, బడులు, చిన్నచిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూస్తున్నాను. ఎక్కడికి పోయినా నన్ను పిలిపించిన తంటాకు సగం కారణం ఈ ‘అందరికీ’యే. అందుకే ఈసారి వేరే ప్రశ్నలు పక్కన పెట్టి, వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర రైసు మిల్లు. ఆఫీసులో రెండు కంప్యూటర్లు, నలుగురం పని చేస్తం. రెంటికీ ఒకటే యూజర్, పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ మిల్లు పేరే. పోయిన నెల ఎవరో కంప్యూటర్ తేదీ వెనక్కి మార్చిండ్రు, కాంటా చీటీల మీద తప్పు తేదీలు పడ్డయి. ఇంకోసారి లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఓచర్ మాయమైంది. ఎవరు చేసిండ్రని సేఠ్ అడిగితే ఎవరికీ తెల్వదు. తలా ఒక యూజర్ పెడదామంటే మా పెద్ద గుమాస్తా గారు ‘ముప్పై ఏండ్ల సంది ఉన్న, నన్ను నమ్మవా’ అని అలిగిండు. ఏం చెయ్యాలె?
– ఒక అకౌంటెంట్, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, ముందు పెద్ద గుమాస్తా గారి సంగతి చూద్దాం. కంప్యూటర్ పని అరగంటలో అయిపోతుంది, ఆయన మనసు నొప్పించకుండా చేయడమే కష్టం. ఆయన దగ్గర కూర్చుని ఇట్లా చెప్పు. ‘పెద్దాయనా, ఆ రోజు తేదీ మార్చింది మీరు కాదని నాకు తెలుసు. కానీ సేఠ్ ముందు రుజువు చేయమంటే నా చేతిలో ఏమీ లేదు. నలుగురం ఒకే పేరుతో లాగిన్ అవుతున్నం కాబట్టి ఎవరి తప్పు అయినా నలుగురి మీద పడుతుంది. మీ ముప్పై ఏండ్ల పేరు కూడా అందులో కలిసిపోతుంది.’ వేరే యూజర్ పెట్టేది ఆయన్ని అనుమానించడానికి కాదు, ఆయన పనిని ఆయన పేరు మీద నిలబెట్టడానికి. నేను ఇట్లా చెప్పినచోట కాదన్న పెద్దవాళ్లు తక్కువ.

ఇది మన దగ్గర పుట్టిన అనుమానం కూడా కాదు. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు కంప్యూటర్లలో సమాచార రక్షణ మీద ఒక వ్యాసం రాశారు. ఎవరికైనా, ఏ ప్రోగ్రామ్‌కైనా పనికి ఎంత అవసరమో అంత హక్కే ఉండాలనే సూత్రాన్ని అందులో పెట్టారు. దొంగలను పట్టుకోవడం ఒక్కటే దాని ఉద్దేశం కాదు. పొరపాటున చెయ్యి తగిలినా నష్టం కొద్దిలోనే ఆగిపోతుంది.

ఇక అసలు సంగతి. నల్లగొండ గడియారం చౌరస్తాలో ఉన్న గడియారం ఊరందరిది. మన చేతి వాచీ మనది. వాచీని పది నిమిషాలు ముందుకు పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. చౌరస్తా గడియారం ముల్లు తిప్పితే బస్సుకు పోయేవాళ్లంతా ఆగమైతరు. విండోస్‌లో కూడా సెట్టింగులు ఈ రెండు రకాలే. తెర వెనుక బొమ్మ, మౌస్ వేగం, బ్రౌజర్‌లో దాచుకున్న పేజీలు మీ వాచీ లాంటివి, ఎవరి యూజర్‌వి వాళ్లవే. తేదీ, టైము, అందరి కోసం ఎక్కించే సాఫ్ట్‌వేర్, కొత్త యూజర్లను చేర్చడం, తీసేయడం చౌరస్తా గడియారం లాంటివి. ఈ రెండో రకం ముట్టుకోవాలంటే అడ్మినిస్ట్రేటర్ హక్కు కావాలి. స్టాండర్డ్ యూజర్‌గా, అంటే ఆ హక్కు లేని మామూలు యూజర్‌గా ఉన్నవాళ్లు తేదీ మార్చబోతే విండోస్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అంటే మీ కాంటా చీటీల గొడవ అక్కడికక్కడే ఆగిపోయేది.

పని ఈ వరుసలోనే చేయి, వరుస తప్పితే చిక్కు. ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు పోయి కొత్త యూజర్‌ను చేర్చు. దానికి ‘మిల్లు నిర్వహణ’ లాంటి పేరు పెట్టి, అకౌంట్ రకం అడ్మినిస్ట్రేటర్ అని మార్చు. ఒకసారి దానితో లాగిన్ అయి, పాస్‌వర్డ్ సరిగ్గా పడుతోందో లేదో చూసుకో. ఆ తరువాత, ఆ కొత్త యూజర్‌లోనే ఉండి, ఇన్నాళ్లూ వాడిన పాత అడ్మిన్‌ను స్టాండర్డ్ యూజర్‌గా దించు. పాత దానిలో ఉన్న ఫైళ్లు, ప్రింటర్లు, టాలీ షార్ట్‌కట్ అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. పోయేది పెత్తనం మాత్రమే. ఆ పాత యూజర్‌ను ఎక్కువ పని చేసే మనిషికి ఇచ్చి పాస్‌వర్డ్ మార్చి, మిగతా ముగ్గురికి కొత్త స్టాండర్డ్ యూజర్లు పెట్టు. నిర్వహణ యూజర్‌తో రోజువారీ పని ఎవరూ చేయకూడదు. సేఠ్ కూడా చేయకూడదు, నువ్వు కూడా చేయకూడదు.

టాలీ కథ వేరు, ఇక్కడ చాలామంది పొరబడతారు. టాలీలో ఓచర్ తేదీ విండోస్ గడియారం చూసి నడవదు. ఎఫ్2 నొక్కి ఎవరైనా మార్చుకోవచ్చు. విండోస్‌లో ఎన్ని తాళాలు వేసినా టాలీ లోపలికి అవి పోవు. టాలీప్రైమ్‌లో కంపెనీని ఆల్టర్ చేసి, యూజర్ యాక్సెస్ కంట్రోల్ ఆన్ చేయి. యూజర్ రోల్స్‌లో ఎంట్రీ చేసేవాళ్లకు డేటా ఎంట్రీ రోల్ ఇవ్వు. ఓచర్ తీసేసే హక్కు, వెనుక తేదీల్లో ఎంట్రీ వేసే హక్కు ఎవరికి ఎంతవరకు ఉండాలో అక్కడే పెట్టొచ్చు. వెనక్కి ఎన్ని రోజుల వరకు అన్నది కూడా అంకె వేసి చెప్పొచ్చు. మీ మిల్లు కంపెనీల చట్టం కింద రిజిస్టరైన కంపెనీ అయితే ఇంకొక మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి ఏ ఎంట్రీ ఎప్పుడు మారిందో నమోదు చేసి ఉంచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడటం తప్పనిసరి, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదు. నలుగురూ ఒకే పేరుతో ఉంటే ఆ నమోదులో కూడా ఒకే పేరు పడుతుంది, అప్పుడు అది ఉండీ లాభం లేదు.

ఒక లోటు మాత్రం దాచను. టాలీ నడవాలంటే దాని డేటా ఫోల్డర్‌లో రాసే హక్కు ఈ నలుగురికీ ఇవ్వాల్సిందే. రాసే హక్కు ఉన్న మనిషి ఆ ఫోల్డర్‌నే ఎత్తి చెత్తబుట్టలో వేయగలడు. దీనికి పర్మిషన్లలో మందు లేదు. రోజూ సాయంత్రం బ్యాకప్ తీసి, ఆ డ్రైవ్‌ను కంప్యూటర్ నుంచి పీకి బీరువాలో పెట్టండి.

ప్రశ్న: నేనూ మా మరదలూ డీటీపీ షాపు నడుపుతున్నాం. ఒకే కంప్యూటర్, ఇద్దరికీ వేరు వేరు యూజర్లు. పెండ్లి పత్రికల కోసం రామభద్ర, మండలి ఫాంట్లు దించి ఎక్కించాను. నాకు బాగానే వస్తున్నాయి. అదే ఫైలు మా మరదలు తెరిస్తే అక్షరాలు వేరే ఫాంట్‌లోకి మారి, లైన్లన్నీ జరిగిపోతున్నాయి. తెలుగు కీబోర్డు కూడా తనకు కనబడదు. కంప్యూటర్ ఒకటే కదా, ఎందుకిట్లా?
– న్యూటౌన్, మహబూబ్‌నగర్

జవాబు: కంప్యూటర్ ఒకటే గానీ మీరు ఫాంట్‌ను మీ ఒక్కరి కోసమే ఎక్కించుకున్నారమ్మా. మీ తప్పు ఏమీ లేదు. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి పద్ధతి మారింది. అంతకు ముందు ఏ ఫాంట్ ఎక్కించినా విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్‌లోకి పోయి అందరికీ వచ్చేది. ఇప్పుడు ఊరికే ఇన్‌స్టాల్ అంటే మీ యూజర్ కింద దాగి ఉన్న ఒక ఫోల్డర్‌లోకి పోతుంది. అది మీ మరదలికి కనబడదు.

దించుకున్న ఫాంట్ ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కి, ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ ఎంచుకోండి. విండోస్ 11లో అది వెంటనే కనబడకపోతే ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కితే వస్తుంది. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఎందుకంటే ఇది అందరి పని. తరువాత మీ మరదలు వర్డ్‌ను మూసి మళ్లీ తెరిస్తే చాలు.

కీబోర్డు మాత్రం వాచీ లాంటిదే. మీ మరదలు తన యూజర్‌లో తానే ఒకసారి పెట్టుకోవాలి. 2019 నుంచి విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటు ఉన్నవాళ్లకు అది హాయి. రేపు మూడో మనిషిని పనిలో పెట్టుకుంటే మళ్లీ ఇదే పాట పాడకుండా ఒక దారి ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్‌కు పోయి, అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో ‘కాపీ సెట్టింగ్స్’ నొక్కండి. అక్కడ కొత్త యూజర్లకు అన్నచోట టిక్కు పెడితే, ఇక మీద పుట్టే యూజర్లందరికీ మీ భాషా సెట్టింగులు వస్తాయి. ఇప్పటికే ఉన్న మీ మరదలికి రావు, కొత్తవాళ్లకే.

ప్రెస్‌కు పంపేటప్పుడు మాత్రం వర్డ్ ఫైలు పంపకండి. ఫాంట్లు లోపలే కుదిరి ఉన్న పీడీఎఫ్ పంపండి. పెండ్లి పత్రికలో ఒక్క గుడి ఎగిరిపోయి పెండ్లికొడుకు పేరు మారిపోతే ఆ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని మరచిపోరు.

ప్రశ్న: మాది బత్తాయి కమీషన్ దుకాణం. లెక్కల ఫోల్డర్‌ను నెట్‌వర్క్‌లో షేర్ చేసి ‘ఎవ్రీవన్’కు ఫుల్ కంట్రోల్ ఇచ్చినం. అయినా రెండో కంప్యూటర్‌లో ఫైలు చదవొస్తది గానీ సేవ్ కాదు.
– నకిరేకల్

జవాబు: ఆ ఫోల్డర్‌కు రెండు దర్వాజాలున్నయి, మీరు ఒకటే తెరిచారు. షేరింగ్ ట్యాబ్‌లో ఇచ్చేది వాకిట్లో దర్వాజా, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇచ్చేది లోపలి అర్ర దర్వాజా. నెట్‌వర్క్ మీదుగా వచ్చినవాళ్లు రెండూ దాటాలి. రెంటిలో ఏది ఇరుకైతే అదే లెక్క. మీ వాకిలి బార్లా తెరిచి ఉంది, లోపల ‘చదవొచ్చు’ అని మాత్రమే ఉండి ఉంటుంది. సెక్యూరిటీ ట్యాబ్‌లో ఆ లెక్కలు రాసే ఇద్దరికి మాత్రం ‘మాడిఫై’ ఇవ్వండి. వాకిట్లో ఎవ్రీవన్‌ను తీసేసి అక్కడా ఆ ఇద్దరి పేర్లే పెట్టండి. ఇంకొకటి, ఆ ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ ముందే కూర్చున్న మనిషికి వాకిలితో పని లేదు, లోపలి దర్వాజా ఒక్కటే వర్తిస్తుంది. రాత్రి దుకాణం ఊడ్చే పిల్లవాడు ఆ కంప్యూటర్‌లో పాటలు పెట్టుకుంటాడంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

‘ఎవ్రీవన్’ అన్న మాటతో నాకు జరిగింది చెప్పాలి. 2011లో మా ల్యాబ్‌లో ప్రాక్టికల్ పరీక్షలు. ముందు రోజు సాయంత్రం ప్రశ్నల ఫోల్డర్‌ను పిల్లలు చూడకూడదని, దాని సెక్యూరిటీ ట్యాబ్‌లో ఎవ్రీవన్ ఎదురుగా ‘డినై’ గళ్లన్నింటిలో టిక్కులు పెట్టి ఇంటికి పోయాను. పొద్దున తొమ్మిదింటికి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పక్కన నిలబడి ఉన్నారు. ముప్పై మంది పిల్లలు వరండాలో ఉన్నారు. ఫోల్డర్ మీద నొక్కితే ‘యాక్సెస్ డినైడ్’. ఎవ్రీవన్ అంటే అందరూ, అందులో నేనూ ఉన్నాను. అడ్మినిస్ట్రేటర్‌కు ‘అలవ్’ ఉంది కదా అనుకున్నాను. ఒకే మనిషికి ఒకచోట అలవ్, ఇంకొకచోట డినై నేరుగా రాసి ఉంటే డినైదే గెలుపు. ఆ ఫోల్డర్‌కు ఓనర్‌ను కావడం వల్ల పర్మిషన్లు తిరిగి దిద్దుకునే దారి మిగిలింది. కానీ చేతులు వణుకుతూ ఆ దారి వెతకడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ పిల్లల నలభై నిమిషాలు నేను తిన్నాను, ఇప్పటికీ ఆ వరండా కళ్ల ముందు ఉంటుంది. అప్పటి నుంచి డినై జోలికి పోలేదు. ఎవరికి వద్దో వాళ్ల పేరు జాబితాలో లేకుండా చేస్తాను, అంతే. పేరు లేనివాళ్లకు హక్కు ఎట్లాగూ ఉండదు.

ప్రశ్న: ఏది ఎక్కించబోయినా తెర నల్లగా మారి ‘మార్పులు చేయనివ్వాలా’ అని విండోస్ అడుగుతోంది. విసుగొస్తోంది. తీసేయవచ్చా?
– కల్వకుర్తి

జవాబు: వద్దు. 2007లో మార్కెట్‌లోకి వచ్చిన విండోస్ విస్టాతో మొదలైన కాపలా అది. మీరు అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్నా విండోస్ మిమ్మల్ని మామూలు మనిషిగానే నడిపిస్తుంది. చౌరస్తా గడియారం మీద చెయ్యి పడినప్పుడే అడుగుతుంది. మీరు ఏమీ ఎక్కించకుండానే ఆ తెర వస్తే, అప్పుడు ‘నో’ నొక్కి నాకు రాయండి.

ప్రశ్న: మేడమ్, మాది దేవరకొండ దగ్గర బడి. పది కంప్యూటర్లు, అన్నింటిలో ఉబుంటు. నేను పాఠాలు నా యూజర్‌లో పెడితే పిల్లల యూజర్‌లో తెరుచుకోవడం లేదు. తెలిసినవాళ్లు హక్కులు మార్చే కమాండ్‌లో 777 కొట్టమన్నారు. అడ్మిన్ హక్కుతో కమాండ్లు నడిపించే సుడోతో కంప్యూటర్ మొత్తానికీ కొట్టాను. పాఠాలు తెరుచుకున్నాయి గానీ ఇప్పుడు సుడో పని చేయడం లేదు. మిగతా తొమ్మిదింటికి ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: మిగతా తొమ్మిదింటిని ముట్టుకోకముందే అడిగారు, చాలా సంతోషం మేడమ్.

ముందు ఆ మూడు అంకెల అర్థం. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మూడూ కలిస్తే 7. మొదటి అంకె ఓనర్‌కు, రెండోది గ్రూపుకు, మూడోది మిగతా అందరికీ. అంటే 777 అన్నప్పుడు దారిన పోయే మనిషికి కూడా చదివే, రాసే, నడిపే హక్కు మూడూ ఇచ్చినట్టు. మీ పాఠాలకు అయితే పోనీ అనుకోవచ్చు. కంప్యూటర్ మొత్తానికీ కొట్టారు కాబట్టి సుడో ప్రోగ్రామ్ మీద ఉన్న ఒక ప్రత్యేకమైన గుర్తు చెరిగిపోయింది. సుడోను ఎవరు నడిపినా అది రూట్ హక్కుతో, అంటే కంప్యూటర్ మొత్తం మీద పెత్తనంతో నడవాలని చెప్పే గుర్తు అది. పైగా పెత్తనం ఎవరిదో రాసి ఉన్న ఫైలును అందరూ దిద్దగలిగేలా ఉంటే, సుడో దాన్ని నమ్మడానికే ఒప్పుకోదు. వేల ఫైళ్ల పాత హక్కులు ఒక్కొక్కటిగా గుర్తుపట్టి తిరిగి పెట్టడం అయ్యే పని కాదు. పాఠాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ఆ ఒక్క కంప్యూటర్‌లో ఉబుంటును మళ్లీ ఎక్కించండి.

అసలు మొదట ఎందుకు తెరుచుకోలేదంటే, 21.04 వెర్షన్ నుంచి ఉబుంటు కొత్త యూజర్ల ఇంటి ఫోల్డర్‌ను ఇతరులకు మూసి ఉంచుతోంది. మంచి పనే. మీ ఇల్లు మీది, పాఠాలు ఇంట్లో పెట్టి పిల్లలను లోపలికి పిలవకూడదు. బడికి ఒక అరుగు కట్టండి. ఫోల్డర్లన్నింటికీ పైన ఉండే మొదటి ఫోల్డర్ కింద ‘ఎస్ఆర్‌వీ’ అనే ఫోల్డర్ ఇట్లాంటి వాటికే ఉంది. అందులో పాఠాలు అని ఒక ఫోల్డర్ చేసి, టీచర్లు అనే గ్రూపు పెట్టి, మీ టీచర్లందరినీ అందులో చేర్చండి. ఫోల్డర్‌ను ఆ గ్రూపుకు అప్పగించి హక్కులు 2775 అని ఇవ్వండి. టీచర్లు రాస్తారు, పిల్లలు చదువుతారు, తుడపలేరు. ముందున్న 2 వల్ల అక్కడ ఎవరు కొత్త ఫైలు పెట్టినా అది టీచర్ల గ్రూపుకే చెందుతుంది. ఆ 2 మరచిపోతే నెల రోజుల తరువాత ‘ఆ సార్ పెట్టిన ఫైలు నాకు దిద్దరావడం లేదు’ అనే ఇంకో ఉత్తరం వస్తుంది. పది కంప్యూటర్లలోనూ విడివిడిగా చేయాలి, ఒకదానిలో చేస్తే ఇంకోదానికి పాకదు.

పిల్లలందరికీ ఒకేలాంటి డెస్క్‌టాప్ కావాలనుకుంటే రెండు మాటల తేడా తెలిసి ఉండాలి. ‘ఈటీసీ’లోని ‘స్కెల్’ ఫోల్డర్‌లో పెట్టినవి కొత్త యూజర్ పుట్టిన క్షణంలో ఒక్కసారి నకలు అవుతాయి. ఆ తరువాత మీరు స్కెల్‌ను మార్చినా పాత పిల్లలకు చేరదు. అదీగాక అది మొదట ఇచ్చేది మాత్రమే, తరువాత పిల్లలు మార్చుకోవచ్చు. మార్చుకోకూడదంటే డెస్క్‌టాప్ సెట్టింగులు ఉండే ‘డీకాన్ఫ్’లో అందరికీ వర్తించే విలువ రాసి, దానికి విడిగా తాళం వేయాలి. నా మాట వింటే తాళాలు తక్కువ వేయండి. తెర మీద బొమ్మ మార్చుకోవడం పిల్లలకు కంప్యూటర్ మీద కలిగే మొదటి ప్రేమ. దాన్ని వాళ్లకు వదిలేయండి. నెట్‌వర్క్, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మాత్రం మీ చేతిలో ఉంచుకోండి.

ప్రశ్న: మా చిన్న దవాఖానలో కంప్యూటర్లు చూసే అబ్బాయి ఉద్యోగం మానేశాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ అతని ఒక్కడికే తెలుసు. బతిమాలితే ఫోన్‌లో చెప్పాడు. ఇక నుంచి మా ఐదుగురికీ ఆ పాస్‌వర్డ్ చెప్పి ఉంచితే మంచిది కదా?
– అచ్చంపేట

జవాబు: ఒక్కరికే తెలిస్తే ఏమవుతుందో చూశారు. ఐదుగురికి ఒకే నిర్వహణ అకౌంట్ ఇస్తే ఏమవుతుందో వినండి. 1960లలో అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో సీటీఎస్ఎస్ అనే వ్యవస్థ ఉండేది. ఒకే పెద్ద యంత్రం మీద ఎందరో ఒకేసారి పని చేసుకునే పద్ధతికి తొలి రూపాల్లో అది ఒకటి. లాగిన్ అయిన ప్రతి ఒక్కరికీ ఆ రోజు సందేశం తెర మీద కాదు, టైపు మిషన్ కాగితం మీద అచ్చయ్యేది. ఎడిటర్ ప్రోగ్రామ్ తన తాత్కాలిక ఫైలుకు ఎప్పుడూ ఒకే పేరు పెట్టేది. నిర్వహణ ఫోల్డర్‌లో ఒక సమయంలో ఒక్కరే ఉంటారని దాన్ని రాసినవాళ్లు అనుకున్నారు. తరువాత ఒకరికంటే ఎక్కువ మందికి ఆ ఫోల్డర్ హక్కు ఇచ్చారు. ఒకరోజు ఒకరు సందేశాన్ని, ఇంకొకరు పాస్‌వర్డ్ల ఫైలును ఒకేసారి దిద్దుతూ కూర్చున్నారు. రెండు ఫైళ్లూ తారుమారయ్యాయి. ఆ తరువాత లాగిన్ అయిన వాళ్లకు సందేశానికి బదులు అందరి పాస్‌వర్డ్లూ అచ్చయి వచ్చాయి. ఆ వ్యవస్థను కట్టిన ఫెర్నాండో కొర్బాటోనే, కంప్యూటర్ శాస్త్రంలో పెద్ద బహుమతి అయిన ట్యూరింగ్ అవార్డు (1990) ఉపన్యాసంలో ఈ కథ చెప్పారు.

మీ దవాఖానకు రెండు నిర్వహణ అకౌంట్లు చాలు. ఒకటి ఇప్పుడు పని చూసే మనిషి పేరు మీద ఉండాలి. రెండోది అతను లేనప్పటి కోసం. దాని పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, అంటించినచోట డాక్టర్ గారి సంతకం పెట్టించి బీరువాలో ఉంచండి. మానేసిన అబ్బాయి అకౌంట్‌ను ఇప్పుడే తీసేయకండి. తీసేసేటప్పుడు విండోస్ అందులోని ఫైళ్లను కూడా తుడిచేస్తుంది, మీ రోగుల బిల్లులు ఏవైనా అక్కడే ఉండి ఉండొచ్చు. ముందు దాన్ని స్టాండర్డ్‌కు దించి పాస్‌వర్డ్ మార్చండి. ఫైళ్లన్నీ బయటికి తీసుకున్నాక, నెల ఆగి తీసేయండి. అతను ఫోన్‌లో చెప్పిన పాస్‌వర్డ్ వైఫై రౌటర్‌కు, సీసీ కెమెరాల పెట్టెకు కూడా అదే అయి ఉండొచ్చు, అవీ చూడండి. బీరువాలోని కవరు ఎప్పుడైనా చింపాల్సి వస్తే పని అయిన రోజు సాయంత్రమే కొత్త పాస్‌వర్డ్ పెట్టి, కొత్త కవరు మీద ఆ రోజు తేదీ వేసి మళ్లీ లోపల పెట్టండి.